మూడు పాయింట్ల స్టోరీకి తొమ్మిది రోజులు ఎందుకు పట్టింది?

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. హైదరాబాద్‌లో ఏడుగురి టీమ్, ఏం కట్టాలో నిర్ణయించే ప్రొడక్ట్ ఓనర్ అమెరికాలో. అక్కడి ఒక బట్టల దుకాణానికి ఆన్‌లైన్ ఆర్డర్లను వాపసు తీసుకునే సాఫ్ట్‌వేర్ భాగం కడుతున్నారు. స్ప్రింట్ అనే రెండు వారాల పని విడతలో మొదటి రోజు నాలుగు గంటలు ప్లానింగ్‌కే పోతోంది. స్టోరీ అంటే చేయాల్సిన ఒక పనిని వాడేవారి వైపు నుంచి చెప్పే చిన్న వివరణ, పాయింట్లు అంటే అది ఎంత పెద్దదో చెప్పే అంకె. ఒక పాయింటు అంటే ఎనిమిది గంటలని మీ మేనేజర్ లెక్క కట్టారు. మూడు పాయింట్లు వేసిన స్టోరీకి తొమ్మిది రోజులు పట్టింది. ఇప్పుడు అందరూ టీమ్ లీడ్ అయిన మిమ్మల్ని నిలదీస్తున్నారు. స్టోరీలు ఎలా రాయాలి, పాయింట్లు ఎలా వేయాలి అని అడిగారు.

పదహారేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. అందులో మొదటి నాలుగేళ్లు టెస్టర్‌ని. మీరు పంపిన స్టోరీలు రెండుసార్లు చదివాక నాకు అనిపించింది ముందే చెప్పేస్తాను. పాయింట్లు వేయడంలో మీ టీమ్ చేసిన పొరపాటు చిన్నది. పెద్దది వేరే ఉంది: ఆ స్టోరీలో ఏముందో ఎవరూ ఎవరితోనూ మాట్లాడుకోకముందే దానికి అంకె పెట్టేశారు. లోపల ఎన్ని గదులున్నాయో చూడకుండా ఇంటికి సున్నం వేసే కూలి చెప్పినట్టయింది. అంకెను ఎంత జాగ్రత్తగా ఎంచుకున్నా ఈ లోటు తీరదు. అందుకే నా జవాబులో ఎక్కువ భాగం స్టోరీ గురించే ఉంటుంది.

స్టోరీలు రాసే ఈ పద్ధతి ఎక్కడ పుట్టిందో తెలిస్తే సగం గందరగోళం పోతుంది. 1990ల రెండో సగంలో అమెరికాలోని క్రిస్లర్ కార్ల కంపెనీ తన జీతాల లెక్కల సాఫ్ట్‌వేర్‌ను కొత్తగా రాయించుకుంది. సీ3 అని పిలిచిన ఆ ప్రాజెక్టులో కెంట్ బెక్, రాన్ జెఫ్రీస్ తదితరులు పనిచేశారు. కావలసిన ప్రతి పనినీ చిన్న అట్టముక్క మీద ఒకటి రెండు వాక్యాల్లో రాసుకునేవారు. అట్ట చిన్నది కావడమే అందులోని మేలు. వివరమంతా దాని మీద పట్టదు కాబట్టి లేచి వెళ్లి, జీతాల విభాగంలో ఆ పని తెలిసిన మనిషిని అడగక తప్పేది కాదు. ఆ అట్టముక్క మాట్లాడుకుంటామన్న వాగ్దానం లాంటిదని ఎలిస్టర్ కాక్‌బర్న్ అన్నారు. 2001లో జెఫ్రీస్ దీన్నే మూడు మాటల్లో పెట్టారు: కార్డు, సంభాషణ, నిర్ధారణ. కార్డు గుర్తు కోసం, సంభాషణ అర్థం కావడం కోసం, నిర్ధారణ ఆ పని నిజంగా అయిందని ఇద్దరూ ఒప్పుకోవడం కోసం.

పనులను కంప్యూటర్‌లో రాసి పెట్టుకునే జిరా వచ్చాక కార్డు పెద్దదైపోయింది. ఎంత రాసినా పట్టే పెట్టె కనిపిస్తే మనం రాస్తూ పోతాం. రాశాం కదా, ఇక మాట్లాడటం దేనికి అనిపిస్తుంది. పైగా మనకూ క్లయింటుకూ మధ్య పది పన్నెండు గంటల తేడా. హైదరాబాద్ టీముల్లో స్టోరీ మెల్లగా సంభాషణ నుంచి దరఖాస్తు ఫారంగా మారిపోవడం నేను ఎన్నోచోట్ల చూశాను. మీ దగ్గరా అదే జరిగింది.

‘ఫలానా వ్యక్తిగా, నాకు ఫలానాది కావాలి, తద్వారా ఫలానా మేలు’ అన్న నమూనా కూడా 2001 ప్రాంతంలో ఇంగ్లాండ్‌లోని కనెక్‌స్ట్రా అనే చిన్న కంపెనీ టీమ్ నుంచి వచ్చింది. మంచి నమూనానే. మూడు ఖాళీల్లోనూ నిజమైన సంగతి నింపినప్పుడే అది పనికొస్తుంది. మీ స్టోరీ చూడండి: ‘యూజర్‌గా, నేను ఆర్డర్‌ను రిటర్న్ చేయగలగాలి, తద్వారా ఆర్డర్ రిటర్న్ అవుతుంది.’ మొదటి ఖాళీలో మనిషి లేడు, మూడో ఖాళీలో కారణం లేదు. మిగిలింది ఒక బటన్ పేరు. ఆ బటన్‌కు మూడు పాయింట్లు వేశారు. బటన్ వరకే అయితే మూడు ఎక్కువే.

నాకు ఈ సంగతి బాగా తలకెక్కిన సందర్భం ఒకటి చెబుతాను. కొన్నేళ్ల క్రితం పాల సేకరణ కేంద్రాలకు సాఫ్ట్‌వేర్ రాసే టీమ్‌లో ఉన్నాను. ఊళ్లో రైతులు పొద్దున, సాయంత్రం పాలు తెచ్చి పోస్తారు. మెషీన్ వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (పాలలో వెన్న కాక మిగతా ఘన పదార్థం) చూపిస్తుంది. దాన్నిబట్టి లీటరు ధర తేలుతుంది. చిన్న చీటీ అచ్చవుతుంది. పదిహేను రోజులకోసారి డబ్బు ఖాతాలో పడుతుంది. మా బ్యాక్‌లాగ్‌లో, అంటే చేయాల్సిన పనుల జాబితాలో, ఒక స్టోరీ ఉండేది: ‘యూజర్‌గా, నాకు ఎస్ఎంఎస్ నోటిఫికేషన్ కావాలి.’ మూడు పాయింట్లు. ఎస్ఎంఎస్ పంపే సర్వీసు అప్పటికే మా దగ్గర ఉంది, దాన్ని పిలవడమే కదా అనుకున్నాం. ఆ స్టోరీ రెండు స్ప్రింట్లు దాటినా మూతపడలేదు. మూడో స్ప్రింట్ మొదలయ్యే ముందు మా ప్రొడక్ట్ ఓనర్, నేను, ఇంకో డెవలపర్ కలిసి తెల్లవారుజామున ఒక కేంద్రానికి వెళ్లాం.

ఐదున్నరకే క్యాన్లు, బిందెలు వరసలో ఉన్నాయి. గంట సేపు ఏమీ అడగకుండా చూశాం. పాలు తెచ్చినవాళ్లలో చాలామంది పాడి చూసుకునేవాళ్లు కారు. బడికి వెళ్లే పిల్లలు, పొరుగింటివాళ్లు, మోపెడ్ మీద నాలుగిళ్ల పాలు కలిపి తెచ్చే ఒక కుర్రాడు. నిర్వాహకుడు ఒక్కొక్కరినీ కోడ్ నంబరు అడిగి మెషీన్‌లో నొక్కుతున్నాడు. రద్దీలో రెండుసార్లు తప్పు నొక్కి దిద్దుకున్నాడు. చీటీలు తడి చేతుల్లో నలిగిపోతున్నాయి. ఒకామె తన దగ్గర దాచుకున్న చీటీలు చూపించింది. నెల కిందటివి అక్షరాలు వెలిసిపోయి ఉత్త తెల్ల కాగితాలయ్యాయి. మెసేజ్ వస్తే మీకు ఉపయోగమేనా అని అడిగాం. ‘రోజూ మెసేజ్ ఎవరు చూస్తారయ్యా, డబ్బు పడిన రోజున ఏ పూట ఎన్ని పోశానో, దేనికెంత కట్టారో ఒక్కచోట కనిపిస్తే చాలు’ అంది. పాలు పిల్లవాడితో పంపే ఆయన మాత్రం మెసేజ్ కావాలన్నాడు. పాలు కేంద్రానికి చేరాయో, దారిలో ఒలికాయో తెలియాలి కదా అన్నాడు. ఆయన ఖాతాకు ఇచ్చిన ఫోను నంబరు నగరంలో ఉద్యోగం చేసుకుంటున్న కొడుకుది.

తిరిగి వచ్చే దారిలో కారులోనే కూర్చుని ఆ ఒక్క స్టోరీని రెండుగా రాశాం. నాకు ఇప్పటికీ గుర్తున్నంత వరకు అవి ఇలా ఉన్నాయి:

‘పాలు వేరేవాళ్లతో పంపే రైతుగా, నా కోడ్ మీద పాలు పోసిన వెంటనే ఎన్ని లీటర్లో నాకు మెసేజ్ రావాలి. పంపినన్ని పాలు చేరాయో లేదో ఆ పూటే తెలుస్తుంది.’

‘డబ్బు అందుకునే రైతుగా, పదిహేను రోజుల లెక్క పూటల వారీగా ఒకే కాగితం మీద కావాలి. చీటీలు పోయినా కేంద్రంలో అడిగి తేల్చుకోగలను.’

ఈ రెండు స్టోరీల్లోనూ ఒక మనిషి కనిపిస్తున్నాడు. ఆ మనిషికి ఎందుకు కావాలో తెలుస్తోంది. కాబట్టి ఏది వదిలేయవచ్చో కూడా తెలుస్తోంది. మొదటి మెసేజ్‌లో ధర, ఎస్‌ఎన్‌ఎఫ్ అక్కరలేదు. చేరాయా లేదా అన్నదే ఆయన ప్రశ్న. ‘తద్వారా’ తర్వాతి భాగాన్ని నేను అంత గట్టిగా పట్టుకోవడానికి కారణం ఇదే. పనిని ఎక్కడ కత్తిరించవచ్చో చెప్పేది ఆ వాక్యమే. దాన్ని మొక్కుబడిగా నింపితే ఆ కత్తెరను మీరే పారేసినట్టు.

ఇక మీ స్టోరీకి వద్దాం. తొమ్మిది రోజులు ఎందుకు పట్టిందో మీరు రాసినదాంట్లోనే ఉంది. నాలుగో రోజున మీ డెవలపర్‌కు కూపన్ సందేహం వచ్చింది. ప్రశ్న పంపితే జవాబు మర్నాడు వచ్చింది. దానిమీద ఇంకో ప్రశ్న, ఇంకో రోజు. కోడ్ రాసిన రోజులు నాలుగుకు మించవు. ఆ కూపన్ సంగతిని అంకెల్లో పెట్టి చూడండి. ఒక కస్టమర్ 40 డాలర్ల చొక్కాలు మూడు కొన్నాడు, మొత్తం 120. వంద దాటితే 30 తగ్గింపు అన్న కూపన్ వాడి 90 కట్టాడు. ఇప్పుడు ఒక చొక్కా వెనక్కి ఇచ్చాడు. ఎంత తిరిగి ఇవ్వాలి?

చొక్కా ధర 40 కాబట్టి 40 అని ఒకరంటారు. అతను కట్టింది 90, అందులో మూడో వంతు 30 అని మరొకరు. మిగిలిన రెండు చొక్కాల ధర 80, అది వంద దాటలేదు కాబట్టి కూపన్ చెల్లదు, 90లో 80 పోగా 10 మాత్రమే ఇవ్వాలని ఇంకొకరు. మూడింటికీ తర్కం ఉంది. ఏది సరైనదో డెవలపర్ తేల్చగలిగింది కాదు. అది ఆ దుకాణం తన ఖాతాదారులతో ఎలా ఉండదలచుకుందన్న నిర్ణయం. మీ యాక్సెప్టెన్స్ క్రైటీరియాలో, అంటే పని అయిందని ఒప్పుకోవడానికి పెట్టుకున్న షరతుల్లో, ‘రిఫండ్ మొత్తం సరిగ్గా లెక్కించాలి’ అని ఒక వాక్యం ఉంది. ‘సరిగ్గా’ అన్న ఆ ఒక్క మాట వెనుక ఐదు రోజులు దాక్కున్నాయి.

అందుకే షరతులను విశేషణాల్లో రాయవద్దు, ఉదాహరణల్లో రాయండి. ఈ పరిస్థితి ఉన్నప్పుడు, ఈ పని జరిగితే, ఈ ఫలితం రావాలి అన్న వరసలో, నిజమైన అంకెలతో. డాన్ నార్త్ వ్యాప్తిలోకి తెచ్చిన పద్ధతి ఇది. పరిభాష ఏదైనా పరవాలేదు, అంకెలు ఉండాలి. ప్రొడక్ట్ ఓనర్‌తో మీకు రోజుకు ఒక గంటే దొరుకుతుందన్నారు. ఆ గంటలో ‘ఈ స్టోరీ వివరించండి’ అని అడిగితే ఆయన స్క్రీన్ చూపిస్తూ మాట్లాడతారు, గంట అయిపోతుంది. దానికి ముందు రోజే పై కూపన్ లాంటి ఉదాహరణలు మూడు నాలుగు రాసి, ఫలితం చోట ఖాళీ వదిలి పంపండి. ఖాళీ నింపమంటే ఎవరైనా ఆలోచిస్తారు. జవాబు ఆయనకూ తెలియకపోతే, తెలిసినవాళ్లను కనుక్కోవడానికి ఒక పగలు చేతిలో ఉంటుంది. మీరు ఆ సమయంలో నిద్రపోతున్నా పని ముందుకు సాగుతుంది.

స్టోరీలను ముక్కలు చేసే తీరు గురించి కూడా చెప్పాలి. మీ బ్యాక్‌లాగ్‌లో ‘రిటర్న్ టేబుల్’ (వివరాలు దాచే పట్టిక), ‘రిటర్న్ ఏపీఐ’ (స్క్రీన్‌కూ ఆ పట్టికకూ మధ్య నడిచే కోడ్), ‘రిటర్న్ స్క్రీన్’ అని మూడు విడి స్టోరీలు ఉన్నాయి. ఇవి స్టోరీలు కావు, ఒక స్టోరీలోని పనులు. మూడూ పూర్తయ్యేదాకా ఎవరికీ చూపించడానికి ఏమీ ఉండదు. మొదటిది అయిపోయిందని పాయింట్లు లెక్కలో వేసుకుంటారు, మూడోదాని దగ్గర టేబుల్‌లో ఒక నిలువు వరస తక్కువైందని తెలుస్తుంది. బిల్ వేక్ 2003లో మంచి స్టోరీకి ఆరు లక్షణాలు చెప్పారు. ఆరూ గోడకు అంటించుకోవచ్చు. మీ పరిస్థితిలో మాత్రం రెండు ముఖ్యం: చిన్నదిగా ఉండాలి, పరీక్షించడానికి వీలుండాలి. టేబుల్‌ను కస్టమర్ తరఫున పరీక్షించలేం.

పైనుంచి కిందిదాకా సన్నగా కోయండి. కూపన్ లేని ఆర్డర్, ఒకే వస్తువు, కార్డుతో కట్టిన డబ్బు, అదే కార్డుకు వాపసు. ఇది ఒక స్టోరీ. టేబుల్, ఏపీఐ, స్క్రీన్ మూడూ ఇందులో కొద్దికొద్దిగా ఉంటాయి. స్ప్రింట్ మధ్యలోనే ప్రొడక్ట్ ఓనర్‌కు నిజంగా నడిపి చూపించవచ్చు. తర్వాత, మూడు వస్తువుల్లో ఒకటి వాపసు. ఆ తర్వాత కూపన్. గిఫ్ట్ కార్డుతో కట్టినవి ఇంకా తర్వాత. గడువు దాటిన వాపసులను మొదట్లో దుకాణం సిబ్బందే చేత్తో చూసుకుంటారా అని అడగండి. చాలాసార్లు సరేనంటారు, ఒక పెద్ద స్టోరీ మొత్తం కొన్ని నెలలు వెనక్కి వెళ్తుంది. మా పాల మెసేజ్‌ను కూడా ఇలాగే కోశాం. మొదట ఒకే కేంద్రంలో, దిద్దుబాట్లు లేని పూటలకు. తర్వాత నెట్‌వర్క్ పోయి వచ్చినప్పుడు ఆగిన మెసేజ్‌లు వెళ్లడం. ఆ తర్వాత తప్పు కోడ్ దిద్దినప్పుడు ఏం జరగాలన్నది.

ఇక అంచనా.

పాయింటు అనేది పరిమాణానికి పోలిక. మీరు ఇప్పటికే పూర్తి చేసిన, అందరికీ బాగా గుర్తున్న ఒక చిన్న స్టోరీని తీసుకోండి, దానికి రెండు అని పేరు పెట్టండి. కొత్త స్టోరీ దానికంటే పెద్దదా, ఎంత పెద్దది అన్నదే ప్రశ్న. ఒక పుచ్చకాయ ఎన్ని కిలోలో చెప్పమంటే తడబడతాం, రెండింటిలో ఏది పెద్దదో మాత్రం చూడగానే చెబుతాం. అంకెలు ఒకటి, రెండు, మూడు, ఐదు, ఎనిమిది, పదమూడు అని దూరమవుతూ పోవడానికి కారణం కూడా అదే. పని పెద్దదయ్యేకొద్దీ మన చూపు మసకబారుతుంది. పదకొండా పన్నెండా అని వాదించుకోవడం వల్ల ఒరిగేది లేదు. మా టీమ్‌లో ఎనిమిది దాటిన ఏ స్టోరీనీ స్ప్రింట్‌లోకి తీసుకోలేదు. ముందు కోయాల్సిందే.

అంచనా అంకెలను కార్డులతో చూపించే ప్లానింగ్ పోకర్ ఆడుతున్నామన్నారు. మీ వర్ణన ప్రకారం ముందు మీరు ‘ఇది ఐదు ఉంటుంది’ అంటున్నారు, తర్వాత అందరూ ఐదు చూపిస్తున్నారు. అలా చేస్తే ఆట వృథా. మొదట చెవిన పడిన అంకె చుట్టూ మిగతావాళ్ల అంచనాలు చేరిపోతాయని మనస్తత్వ శాస్త్రవేత్తలు ట్వెర్‌స్కీ, కానెమన్ 1974లోనే చూపించారు. మన ఆఫీసుల్లో దానికి పెద్దవాళ్ల మీద గౌరవం కూడా తోడవుతుంది. ఆరు నెలల కిందట చేరిన అమ్మాయి మీ మాటకు ఎదురుగా పదమూడు చూపించదు. జేమ్స్ గ్రెన్నింగ్ 2002లో ఈ పద్ధతిని పరిచయం చేసినప్పుడు కార్డులు మూసి ఉంచి అందరూ ఒక్కసారి తిప్పాలన్నది అందుకే. మీరు లీడ్ కాబట్టి అంకె చెప్పడం మానండి. వేరువేరు అంకెలు వచ్చినప్పుడు కూడా చివరగా మాట్లాడండి.

కార్డులు తిప్పాక అంకెలు కలవకపోతే సంతోషించండి. పోకర్ వల్ల దక్కే లాభం అక్కడే ఉంది. తిరగరాసిన మా పాల మెసేజ్ స్టోరీకి ముగ్గురు డెవలపర్లు మూడు వేశారు, టెస్టర్ పదమూడు వేసింది. సగటు కట్టి ఐదు రాసుకునే టీమ్‌లు ఉన్నాయి. దయచేసి ఆ పని చేయవద్దు. మేం ఆమెను ఎందుకని అడిగాం. ‘తెలుగులో పంపాలి కదా’ అంది. ఇంగ్లీషు అక్షరాల ఎస్ఎంఎస్‌కు 160 అక్షరాల చోటు ఉంటుంది. తెలుగుకు అన్ని లిపులకూ చోటున్న యూనికోడ్ వాడాలి కాబట్టి 70 మాత్రమే. పైగా మన ఒత్తులు, గుణింతాలు, సున్నా అన్నీ విడివిడిగా లెక్కకు వస్తాయి. ‘కేంద్రం’ మన కంటికి రెండక్షరాలు, ఎస్ఎంఎస్ లెక్కలో ఏడు. ఆమె మా నమూనా మెసేజ్‌ను ముందే లెక్కపెట్టి చూసింది. అది రెండు ఎస్ఎంఎస్‌ల చోటు తీసుకుంటోంది, అంటే ఖర్చు రెట్టింపు. రోజుకు రెండు పూటలు, వేల మంది రైతులు. ఇంకోటి కూడా చెప్పింది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల తర్వాత ఇలాంటి మెసేజ్‌ల నమూనాను టెలికాం కంపెనీల డీఎల్‌టీ అనే నమోదు వేదికలో ముందే నమోదు చేయించాలి. అనుమతి రానిదే మెసేజ్ వెళ్లదు, మాట మార్చితే మళ్లీ నమోదు. చివరగా, నిర్వాహకుడు తప్పు కోడ్ నొక్కితే ఒకరి పాల లెక్క ఇంకొకరి ఫోనుకు వెళ్తుంది. దిద్దినప్పుడు ఇద్దరికీ మళ్లీ మెసేజ్ వెళ్లాలి.

ఐదు నిమిషాల్లో ఆమె చెప్పిన ఈ మూడు సంగతులూ మా ముగ్గురు డెవలపర్లకు తట్టలేదు. మాటను ‘4.2 లీ. చేరాయి’ అన్నంత చిన్నది చేసి 70లో ఇమిడ్చాం. డీఎల్‌టీ నమోదును స్ప్రింట్‌కు ముందే మొదలుపెట్టే పనిగా తీసేశాం. దిద్దుబాటును వేరే స్టోరీ చేశాం. మళ్లీ కార్డులు తిప్పితే నలుగురికీ మూడే వచ్చింది. మొదటి మూడుకూ ఈ మూడుకూ హస్తిమశకాంతరం ఉంది. రెండో మూడు లోపల ఏముందో మాకు తెలుసు.

టెస్టర్లను అంచనాకు పిలవని టీమ్‌ల గురించి నాకు నిజంగా బాధగా ఉంటుంది. మీ ఏడుగురిలో ఇద్దరు టెస్టర్లు ఉన్నారు, పోకర్‌లో ఐదుగురే కూర్చుంటున్నారని రాశారు. ముందు ఆ ఇద్దరినీ పిలవండి.

ఒక పాయింటు ఎనిమిది గంటలన్న లెక్క విషయానికి వస్తే, మీ మేనేజర్‌కు ఈ చిన్న చరిత్ర చెప్పవచ్చు. రాన్ జెఫ్రీస్ రాసిన ప్రకారం, మొదట్లో వాళ్లు రోజుల్లోనే అంచనా వేసేవారు. ఏ అడ్డంకీ లేకుండా జంటగా కూర్చుని పనిచేస్తే ఎన్ని రోజులు అన్నది ఆదర్శ లెక్క. వాస్తవంలో దానికి సుమారు మూడు రెట్లు పట్టేది. ఒక రోజు పనికి మూడు రోజులెందుకు అని పైవాళ్లకు అర్థమయ్యేది కాదు. ఆ అయోమయం పోవడానికి రోజు అన్న మాట తీసేసి పాయింటు అన్నారు. ఇప్పుడు పాయింటును మళ్లీ గంటలకు ముడివేస్తే, వాళ్లు తప్పించుకున్న గోతిలో మనం దిగినట్టే. అదే జెఫ్రీస్ 2019లో, పాయింట్లను తానే కనిపెట్టి ఉండవచ్చునని, అయితే అందుకు ఇప్పుడు విచారిస్తున్నానని రాశారు. టీమ్‌లను ఒకదానితో ఒకటి పోల్చడానికి, అంచనాకూ జరిగినదానికీ తేడా చూపి నిలదీయడానికి పాయింట్లను వాడటమే ఆయనకు నచ్చలేదు.

ఎనిమిది గంటల లెక్కతో ఇంకో హాని ఉంది. పాయింటు గంటలైన రోజు నుంచి టీమ్ తనను తాను కాపాడుకోవడానికి అంకెలు పెంచడం మొదలుపెడుతుంది. మూడు ఐదవుతుంది, ఐదు ఎనిమిదవుతుంది. ఎవరినీ తప్పుపట్టలేం. ఆర్నెల్లలో ఆ అంకెలకు అర్థం పోతుంది.

అయినా మేనేజర్ అడిగేది న్యాయమైన ప్రశ్నే: ఎప్పటికి పూర్తవుతుంది? దానికి జవాబు ఇవ్వకుండా పాయింట్ల సిద్ధాంతం చెబితే ఆయన ఎందుకు వింటారు? ఇలా చేయండి. గత ఆరు స్ప్రింట్లలో పూర్తిగా ముగిసిన స్టోరీల పాయింట్లు మాత్రమే తీయండి. ఉదాహరణకు 18, 23, 15, 21, 24, 19 అనుకుందాం. మిగిలిన పని 130 పాయింట్లు. తక్కువ వచ్చిన మూడు స్ప్రింట్ల సగటు సుమారు 17, ఎక్కువ వచ్చిన మూడింటి సగటు సుమారు 23. ఆ లెక్కన ఆరు నుంచి ఎనిమిది స్ప్రింట్లు, అంటే 12 నుంచి 16 వారాలు. ఈ రెండు అంకెలూ ఇవ్వండి, ఒకటే ఇవ్వవద్దు. ప్రతి స్ప్రింట్ తర్వాత మళ్లీ లెక్క కట్టి పంపండి. స్ప్రింట్ల పద్ధతి నియమాలు చెప్పే స్క్రమ్ గైడ్ కూడా 2011లో స్ప్రింట్ పనిని టీమ్ ఇచ్చే హామీగా కాక ముందస్తు అంచనాగా మార్చింది. వాతావరణ శాఖ వాన గురించి చెప్పినట్టు మీరూ పరిధి చెప్పండి. అన్నట్టు, ఆ గైడ్‌లో యూజర్ స్టోరీ, స్టోరీ పాయింటు అన్న మాటలే లేవు. పని పరిమాణాన్ని ఆ పని చేసేవాళ్లే నిర్ణయించాలని మాత్రం ఉంది. మేనేజర్ పాయింట్లు మార్చమన్నప్పుడు ఆ వాక్యం మీకు అండగా ఉంటుంది.

మీరు అడిగిన చిన్న ప్రశ్నలకు త్వరగా: సగంలో ఆగిన స్టోరీకి సగం పాయింట్లు వేయకండి, పూర్తయిన స్ప్రింట్‌లోనే మొత్తం వేయండి. పని అయ్యాక పాయింట్లు సవరించవద్దు, ఎందుకు తప్పాయో రెట్రోలో, అంటే స్ప్రింట్ చివర జరిగే సమీక్షలో, మాట్లాడుకోండి. టీమ్‌లో ఎవరికీ తెలియని సాంకేతికత అడ్డొస్తే ముందు రెండు రోజుల గడువు పెట్టి పరిశోధించండి. దానికి పాయింట్లు అక్కరలేదు, గడువు చాలు. మీ స్టోరీలన్నీ రెండు, మూడు పాయింట్ల మధ్యకు వచ్చేశాక పాయింట్లే మానేసి స్టోరీల సంఖ్య లెక్కపెట్టుకోవచ్చు. మా టీమ్ ఏడాదిన్నర తర్వాత అలాగే చేసింది, లెక్కలో పెద్ద తేడా రాలేదు. మీకు ఇప్పుడే అది వద్దు. మీ టీమ్‌కు ప్రస్తుతం పోకర్ వల్ల వచ్చే వాదన కావాలి.

నాలుగు గంటల ప్లానింగ్ గురించి ఒక్క మాట. అది ఎక్కువ కావడానికి కారణం ఆ గదిలోనే మొదటిసారి స్టోరీ చదవడం. స్ప్రింట్ మధ్యలో, బుధవారం గంట, మరుసటి బుధవారం గంట పెట్టుకుని రాబోయే స్టోరీల ఉదాహరణలు రాయండి. ప్లానింగ్ గంటన్నరకు దిగుతుంది.

వచ్చే స్ప్రింట్‌కు ఆ వాపసు స్టోరీ ఒక్కటే తీసుకుని మొదలుపెట్టండి. మూడు చొక్కాల లెక్కను ఈ రాత్రే మీ ప్రొడక్ట్ ఓనర్‌కు పంపండి, 40, 30, 10 మూడింటినీ రాసి ఏది కావాలో టిక్కు పెట్టమనండి. ఆయన నుంచి జవాబు వచ్చేదాకా దానికి ఏ అంకే వేయకండి. జవాబు వచ్చాక టెస్టర్లిద్దరినీ కూర్చోబెట్టి కార్డులు తిప్పండి. ఎవరెవరికి ఏ అంకెలు వచ్చాయో, ఎక్కువ వేసినవారు ఏం చెప్పారో ఇక్కడ రాయండి. దాన్నిబట్టి స్టోరీని ఎక్కడ కోయాలో కలిసి చూద్దాం.